ఒక తలుపు – నాలుగిండ్లు

బొబ్బిలి యనగానే పరప్రాంతములవారికి 1757వ సంవత్సరపు యుద్ధమును, గొల్లపల్లి వీణయు జ్ఞప్తికి వచ్చును. అవి గొప్ప విషయములు. ఈ పాఠశాలలో చదువుకొని, ఇప్పుడీ యూరిలోనే ఇండ్ల పటములు గీసి జీవనము గడుపుకొనుచున్న నేను అంతటి విషయములను చేపట్టజాలను. పత్రికకు ఏదైన నొకటి వ్రాసి పంపుమని ఉపాధ్యాయులు కోరగా, నాకు బాగుగా తెలిసిన దానిని గూర్చియే వ్రాయ నిశ్చయించితిని. అది యొక తలుపు. ఆ తలుపు నాకు కొంత కీర్తిని, కొంత తలవంపును, చివరకు కొంత బుద్ధిని తెచ్చిపెట్టినది.

మా అమ్మమ్మగారి యిల్లు కోటకు కొంచెము దూరమున నొక సందులో నుండెడిది. అది మండువా లోగిలి. నడుమ వాననీరు పడు చప్టా, చుట్టును నాలుగు వసారాలు, పైన నాటు పెంకులు. శ్రావణమాసపు వానలో నాలుగు చూరులనుండియు నీరు ధారలుగా పడుచుండగా, పిల్లలమందరమును వసారాలో కూర్చుండి కాగితపు పడవలు విడిచెడివారము. ఆ యింటి సింహద్వారము పనసకఱ్ఱతో చేసినది. రెండు రెక్కలు, పైకొయ్య నడుమ పద్మము, దానికిరువైపుల రెండు చిలుకలు. ద్వారము ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళములు మాత్రమే. పొడుగరులు తల వంచి లోనికి రావలసినదే. “ఎంతటోడైనా మనింటికి దండమెట్టే వస్తాడు” అని మా అమ్మమ్మ నవ్వుచుండెడిది.

2016వ సంవత్సరపు వేసవిలో మా మామయ్య లిద్దరును ఆ యింటిని విప్పించి, స్థలమును పంచుకొని రెండిండ్లు కట్టుకొనుటకు నిశ్చయించిరి. వారి తప్పేమియు లేదు. పెంకులు కారుచుండెను, దూలములకు చెదలు పట్టెను, రెండు కుటుంబములు ఒక లోగిలిలో ఇముడుట కష్టమయ్యెను. అమ్మమ్మ ఒక్క మాటయు అనలేదు. ఒకనాడు మాత్రము నన్ను పిలిచి, “గుమ్మం ఏటి సేస్తార్రా?” అని యడిగెను.

ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను. కాని మరునాడు ఉదయమే టేపును, గీతల పుస్తకమును తీసికొని పోయితిని. అమ్మమ్మ గడప ప్రక్కన పీట వేసికొని కూర్చుండి టేపు కొనను పట్టుకొనెను. పద్మపు రేకులను ఒక్కొక్కదానిని కొలిచితిని. చిలుక ముక్కును గూడ కొలిచితిని. కుడి రెక్కను పూర్తిచేయుసరికి మధ్యాహ్నమాయెను. టేపు చుట్టుచుండగా అమ్మమ్మ, “రెండో రెక్క కూడా కొలూ నాయినా” అన్నది. “రెండూ ఒకటే అమ్మమ్మా, అద్దములో చూచినట్లుండును” అని చెప్పి భోజనమునకు లేచితిని. చదువరులు ఈ మాటను జ్ఞాపకముంచుకొందురుగాక.

నేను ఇండ్ల పటములు గీయుట నేర్చినది మన పాఠశాల కంప్యూటరు గదిలోనే. శనివారము సాయంకాలములందు పూర్వవిద్యార్థులకు గూడ ఆ గది తలుపు తీసియుంచుచుండిరి. అందు నేను పట్టు సంపాదించినది స్వీట్ హోమ్ త్రీడీ యను సాధనము. దీనిని ఎమ్మాన్యుయెల్ ప్యుబారె యను ఫ్రెంచి దేశస్థుడు తయారుచేసి 2006లో వెలువరించెను. దానికి వెల లేదు. బీదవిద్యార్థియు దింపుకొని వాడుకొనవచ్చును. పై భాగమున మనము గోడల గీతలు గీయుచుండగా, క్రింది భాగమున ఇల్లు లేచి నిలుచును. ప్రక్కన నొక జాబితాలో మంచములు, బల్లలు, తలుపులు, కిటికీలు వరుసగా నుండును. కావలసినదానిని పట్టి లాగి ఇంటిలో పెట్టుటయే.

అయితే ఆ జాబితాలోని సామాను చాలవరకు ఐరోపా ఇండ్లలోనిది. సోఫాలు కలవు, ఉయ్యాలబల్ల లేదు. పూలకుండీలు కలవు, తులసికోట లేదు. సింహద్వారము మాట చెప్పనక్కరలేదు. కావున మా గుమ్మమును నేనే నిర్మించుకొనవలసి వచ్చెను. ఆ సాధనములో చెక్కడపు పనికి ఉలి లేదు. పెట్టె, స్తంభము, గోళము వంటి సామాన్యరూపములు మాత్రము కలవు. వానిని సాగదీసి, చదునుచేసి, వంచి, ఒకదానిపై నొకటి పేర్చవలెను. కమ్ములకు పెట్టెలు, మేకుల తలలకు గోళములు, పద్మపు రేకులకు నొక్కిన గోళములు. చిలుకలు మాత్రము నాకు లొంగలేదు. మొదటి చిలుకను అమ్మమ్మకు చూపగా, “ఇది సిలకేట్రా, తొడిమతో ఉన్న వంకాయ” అన్నది. నాలుగవ ప్రయత్నమున ఆమె తల యూచెను.

కుడి సగము ముగిసిన తరువాత దానిని నకలు తీసి, త్రిప్పి, ఎడమ సగముగా నిలిపితిని. పదునొకండు రాత్రులు పట్టినది. మొత్తము 137 ముక్కలు. వానినన్నింటిని ఒక గుంపుగా కట్టితిని. గుంపుగా కట్టినచో అన్ని ముక్కలును కలసి కదలును గాని, లోపల వేరువేరుగానే యుండును. కావలసినప్పుడు విప్పి ఏ రేకునైనను సరిచేయవచ్చును. కాని యా గుంపునకు తాను తలుపునని తెలియదు. గోడలో పెట్టినచో గోడ దారి యియ్యదు. తలుపు గోడలో మునిగిపోవును. పైగా అన్ని ముక్కలతో ఇల్లు బరువెక్కి మెల్లగా కదలును. అందుచేత రెండవ మెట్టు ఎక్కవలసియున్నది. ఆ గుంపును ఓబీజే యను ఫైలుగా వెలికి పంపి, దానినే మరల లోనికి తెచ్చుకొనవలెను. తెచ్చునప్పుడు సాధనము మనలను కొన్ని ప్రశ్నలడుగును: దీని ముందుభాగమేది? కొలతలెంత? ఇది తలుపా, కిటికీయా? జాబితాలో చేర్చవలెనా? వీనికి సరిగా సమాధానము చెప్పినచో 137 ముక్కలును కరగి ఒకే వస్తువగును. గోడమీద పెట్టగనే గోడ తనంతట తాను తెఱచుకొని దారి యిచ్చును.

నా తలుపు జాబితాలో పరదేశపు తలుపుల నడుమ నిలుచుటను చూచిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఇల్లు విప్పివేసినను గుమ్మము నిలిచినది, ఇక నెన్ని యిండ్లకైనను వ్రేలితో లాగి పెట్టవచ్చునని పొంగిపోయితిని. కరిగి ఒకటైన వస్తువునకు రంగులు మార్చవచ్చును గాని లోపలి రేకును కదపలేమని నాకు తెలియును. తెలిసియు లెక్కచేయలేదు. విడిముక్కల ఫైలును నా యింటి కంప్యూటరునుండి తీసివేసితిని. “మూలమును పారవేయకు” అని కంప్యూటరు ఉపాధ్యాయులు మందలించి, తమ గదిలోని యంత్రములో నొక ప్రతిని దాచిరి.

మొదటి ఇల్లు బొబ్బిలిలోనే. యజమాని పటము చూచి ముచ్చటపడెను గాని, ఖర్చు లెక్కించుకొని దుకాణములో సిద్ధముగా నున్న తలుపును కొనుక్కొనెను. నా తలుపు బొమ్మలోనే నిలిచిపోయినది.

రెండవ ఇల్లు పార్వతీపురములో. అక్కడ ద్వారము వెడల్పు మూడడుగులే. మా గుమ్మము నాలుగడుగులు. నిష్పత్తిని నిలుపుమను గుర్తును తీసివేసి, వెడల్పును మాత్రము తగ్గించితిని. తలుపు సరిపోయినది. కాని యజమానిగారి తల్లి పటము చూచి, “ఈ సిలకలకి తిండెట్టట్లేదేటి బాబూ?” అని యడిగెను. చూతును గదా, పద్మము మొగ్గవలె ముడుచుకొనిపోయినది, చిలుకలు కొంగలైనవి. నాకు సిగ్గువేసెను. ఇంటికి వచ్చి ఆ గుర్తును మరల పెట్టి తగ్గించితిని. పద్మము పద్మమైనది, కాని యిప్పుడు తలుపు ఎత్తు నాలుగడుగుల నాలుగంగుళములకు దిగినది! పిల్లలు తప్ప మరెవరును దూరలేరు. చెక్కడమును తన నిష్పత్తిలోనే యుంచి, దాని పైనను క్రిందను సాదా పలకలు చేర్చి ఎత్తును పూరించితిని. ఒక యింటి వస్తువు మరియొక యింటికి పోవునప్పుడు కొంత మారవలెను, కొంత మారరాదు. ఏది మారవచ్చునో ఏది మారరాదో సాధనము చెప్పదు.

మూడవ ఇల్లు సాలూరులో. ఆ యజమాని నిజముగానే ఆ తలుపును చేయింపదలచెను. నా బొమ్మనుండి కొలతలు తీసి కాగితములమీద ఇచ్చితిని. వారు టేకు కొని, చెక్కుయంత్రము గల యొక కర్మాగారమునకు పంపిరి. యంత్రము కాగితమును ప్రశ్నింపదు; కాగితములో నున్నదానిని అక్షరాల చేయును. రెక్కలు బిగించు నాడు నన్ను పిలిచిరి. వడ్రంగి కుడి రెక్కను మూసెను, ఎడమ రెక్కను మూయబోయెను. అది ఠంగున కొట్టుకొని నిలిచిపోయెను. మరల ప్రయత్నించెను. మరల అట్లే యయ్యెను. అతడు అంచును వ్రేలితో తడిమి నా వంక చూచి, “రెండు రెక్కలకీ పట్టీ ఎట్టీసినారు బాబూ. ఇంక తలుపెలాగ పడతాది?” అనెను.

తెలియనివారి కొఱకు చెప్పుచున్నాను. రెండు రెక్కల తలుపునకు నడుమ సందును కప్పుటకై నిలువుగా నొక పట్టీ యుండును. అది ఒక రెక్కకు మాత్రమే యుండును. రెండవ రెక్క అంచు దాని వెనుకకు పోయి యొదుగును. మా అమ్మమ్మగారి కుడి రెక్కకు పట్టీ కలదు. నేను కుడి రెక్కను మాత్రము కొలిచి, ఎడమ రెక్కను అద్దములోవలె త్రిప్పితిని. రెండు రెక్కలును పట్టీ కట్టుకొని ఎదురుబొదురుగా నిలిచినవి. బొమ్మలో తలుపు ఎల్లప్పుడును మూసియే యుండును గాన తప్పు కనబడలేదు. ఆ క్షణమున పీటమీది అమ్మమ్మ మాట నా చెవిలో మ్రోగినది.

ఆ రాత్రి ఇల్లు చేరి పాఠశాలకు ఫోను చేసితిని. ఉపాధ్యాయులు దాచిన విడిముక్కల ప్రతి అక్కడ భద్రముగా నుండెను. అది లేకున్నచో పదునొకండు రాత్రులు మరల కూర్చుండవలసి వచ్చెడిది. ఈసారి ఊహమీద దిద్దలేదు. చిన్నమామయ్యగారి పెరటిలో పాత తలుపు రెక్కలు గోడ కానించియున్నవి. వానిని వెలుగులోనికి తెచ్చి రెండింటిని కొలిచితిని. ఎడమ రెక్కకు పట్టీ లేకపోవుటయే గాక, వెడల్పులోను ముప్పాతిక అంగుళము తేడా కలదు. ఆ పాత వడ్రంగి తెలిసియే చేసిన తేడా. గుంపును విప్పి, ఎడమ రెక్కను సరిచేసి, మరల కరగించి, జాబితాలోని పాత తలుపును తీసివేసి క్రొత్తదానిని పెట్టితిని.

తరువాత పార్వతీపురపు ఇంటి ఫైలును తెఱచితిని. తలుపు పాతదే! జాబితాలో దిద్దినది ఇంటిలోనికి పోలేదు. ఏలయనగా ఈ సాధనములో ఒక వస్తువును ఇంటిలో పెట్టగనే ఆ యింటి ఫైలు దాని ప్రతిని తనలో దాచుకొనును. తరువాత జాబితాకు ఏమి జరిగినను ఇంటికి తెలియదు.

అన్ని సాధనములును ఇట్టివే యని తలపరాదు. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఇవాన్ సదర్లాండ్ అను విద్యార్థి తన పరిశోధనగా స్కెచ్‌ప్యాడ్ అను దానిని నిర్మించెను. కాంతికలముతో కంప్యూటరు తెరమీద బొమ్మ గీయుటకు అది మార్గము చూపినది. అందులో నొక మూలచిత్రమును గీసి, దాని నకళ్ళను ఎన్నింటినైన పరచవచ్చును. మూలమును మార్చినచో నకళ్ళన్నియు మారును. షడ్భుజములతో నిండిన యొక అల్లికలో మూలమును అర్ధవృత్తముగా మార్చగనే పటమంతయు చేపపొలుసులవలె మారినదని అతడు చూపెను. నేటి స్కెచ్‌అప్ మొదలగు సాధనములలో గూడ ఒకే పటములోని నకళ్ళు ఇట్లే మూలముతో ముడివడి యుండును. అయితే ఆ ముడియు ఆ పటమువరకే. వేరొక పటమునకు పంపిన నకలు అక్కడ వేరుకాపురము పెట్టును. మరల మనమే పోయి సరిచేయవలెను.

మన పెరటిలోని అరటిని చూడుడు. తల్లిచెట్టు ప్రక్కన నున్న పిలక తల్లి దుంపతో కలిసియే యుండును. త్రవ్వి పొరుగూరి పెరటిలో నాటిన పిలక తల్లి గుణములన్నింటిని కొనిపోవును, తెగులున్నచో తెగులును గూడ కొనిపోవును. తరువాత ఇక్కడ తల్లికి మందు వేసినంత మాత్రమున అక్కడి పిలకకు నయము కాదు. నా తలుపు అట్టి పిలక. అది ఏ యే పెరళ్ళకు పోయినదో నేను వెదకి పట్టుకొనవలసి యుండెను.

సాలూరు యజమానికి టేకు ఖరీదులో సగము నేను భరింతునని చెప్పితిని. ఐదు నెలలలో చెల్లించితిని. అతడు కోపపడెను. అది న్యాయమే. పార్వతీపురమునకు పోయి ఆ వడ్రంగిని కలిసికొంటిని. అతడు నవ్వి తలుపు వేసి చూపెను. చక్కగా పడినది! “బొమ్మ సూడగానే తెలిసింది బాబూ. ఒక పట్టీ తీసీసినాను. సెప్తే మీకు సిన్నతనమని ఊరుకున్నాను” అనెను. అతని మర్యాదకు నమస్కరించితిని. కాని ఆ మాట ఆనాడే నాతో చెప్పియున్నచో సాలూరు టేకు దక్కియుండునుగదా యని దారిపొడవునను తలచుచు వచ్చితిని. అతనిని నిందించుట ఎందులకు? నేను తిరిగి పోయి “తలుపు ఎట్లు కుదిరినది?” అని యొక్కసారియైన అడుగలేదు. డబ్బు పుచ్చుకొని మరచితిని.

ఇక నాలుగవ ఇల్లు. అది రాజాములో. కాగితములిచ్చి నా రుసుము పుచ్చుకొని రెండు నెలలైనది. పని ఇంకను మొదలుపెట్టలేదని వింటిని. అక్కడ నా తప్పు ఎవరికిని తెలియదు. వారి వడ్రంగియు పార్వతీపురపు వడ్రంగివలె సరిచేసికొనవచ్చును. నేనుగా పోయి చెప్పినచో సాలూరు సంగతియు బయటపడును. చిన్న ఊళ్ళలో మాట త్వరగా ప్రాకును. కూటికి ఆధారమైన పని పోవచ్చును. ఆ రాత్రి ఈ విషయమునే అటునిటు త్రిప్పుచు పండుకొంటిని. నేను చేసిన తలుపును మంచిదన్నవారందరియొద్దను అది నాదేయని చెప్పుకొంటిని. ఇప్పుడు తప్పు బయటపడగనే అది వడ్రంగి చూచుకొనవలసిన పని యెట్లగును? తెల్లవారగనే రాజాము బస్సెక్కితిని.

ఆ యజమాని ఉద్యోగవిరమణ చేసిన వృద్ధుడు. నేను చెప్పినదంతయు విని, పాత కాగితములను చింపి, క్రొత్తవానిని తీసికొని, కొంతసేపు మౌనముగా నుండెను. తరువాత, “మేడమీద గదుల పటం కూడా నువ్వే గీసి పెట్టు బాబూ” అనెను. ఇట్టి ఫలితము ఎల్లప్పుడును దొరకునని నేను చెప్పను. సాలూరువారు మరల నన్ను పిలువలేదు.

ఆ తరువాత నొకనాడు గొల్లపల్లిలో వీణ చేయువారి యింటికి పోయితిని. ఒకే పనసదుంగలో కుండను, దండిని, యాళి ముఖమును తొలిచి తీయుచుండిరి. ప్రక్కన నొకరు పూర్తయిన దండికి మైనపు మట్టుమీద మెట్లు అమర్చుచుండిరి. ఇరువదినాలుగు మెట్లు. ఒక్కొక్కదానిని పెట్టి, తీగ మీటి, విని, వెండ్రుకవాసి జరిపి, మరల వినుచుండిరి. తరతరములుగా అదే నమూనా గదా, కొలబద్దతో గుర్తుపెట్టి బిగింపరాదా యని యడిగితిని. “కొలత దారి సూపుతాది బాబూ. సోటు మాత్రం సెవే సెప్పాల” అని యొకరనిరి. ప్రతి దుంగకు తన నాదము వేరు. నమూనా పాతదే, కుదుర్చుట మాత్రము ప్రతి వీణకును క్రొత్తదే. నాలుగిండ్లు తిరిగి నేను నేర్చుకొన్నదానిని వారు పని ఆపకుండనే చెప్పివేసిరి.

అప్పటినుండి నా బల్లమీద నొక చిన్న పుస్తకముండును. జాబితాలోని ప్రతి వస్తువునకు అందొక పుట. దాని విడిముక్కలు ఎక్కడ దాచితినో, ఎవరి యింటికి ఏనాడు పంపితినో, అక్కడ ఏమి మార్చితినో వ్రాసికొందును. తులసికోట తొమ్మిది యిండ్లకు పోయినది, ఉయ్యాలబల్ల ఆరింటికి. ఒకదానిలో లోపము కనబడిన నాడు ఆ పుట తెఱచి, వరుసగా ఫోను చేయుదును. ఒకసారి చేసిన పనిని పలుమారులు వాడుకొనుట తప్పు కాదు. బీదవానికి, పని తొందరగలవానికి అది పెద్ద వరము. కాని శ్రమ ఒక్క తలుపుదే యైనను, పూచీ నాలుగిండ్లదియు మోయవలసినదే. విద్యార్థులారా, మీరును రేపు లెక్కలో, వ్రాతలో, యంత్రములో ఒకరు చేసినదానిని ఇంకొకచోట వాడుదురు. వాడుటకు ముందు రెండవ రెక్కను గూడ కొలువుడు.

పోయిన సంక్రాంతికి సరిచేసిన తలుపును అమ్మమ్మకు చూపితిని. ఈమారు రెండు రెక్కలను వేరువేరు వస్తువులుగా చేసి, తెఱచియున్నట్లొక బొమ్మ, మూసియున్నట్లొక బొమ్మ సిద్ధముచేసితిని. ఆమె కండ్లద్దములు పెట్టుకొని తెరకు దగ్గరగా వంగి, చిలుకలను చూడలేదు, పద్మమును చూడలేదు. నడుమ సందువంకనే చాలసేపు చూచెను.

“ఇప్పుడు పడతాది” అని కండ్లద్దములు తీసివేసెను.